అప్పు ఒక బరువు, దాన్ని దాచడం ఇంకో బరువు: డబ్బు ఒత్తిడిని దించుకునే దారి

ఫోన్ మోగుతుంది. తెలియని నంబరు. ఎత్తం. మోగడం ఆగిపోయాక కూడా గుండె దడ ఆగదు. డబ్బు ఇబ్బందిలో ఉన్నవాళ్లకి ఈ అర నిమిషం గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు.

నేను ఏడాదిన్నర అలా గడిపాను. బాకీల గురించి వచ్చిన మెసేజ్‌లు తెరవలేదు. మొత్తం ఎంత ఇవ్వాలో ఒక్కసారి కూడా కూడి చూసుకోలేదు. "ఏంటి, అదోలా ఉన్నావ్?" అని అడిగినవాళ్లకి పని ఎక్కువైందని చెప్పాను. చివరికి ఒక రోజు తలుపేసుకుని కూర్చుని లెక్క రాస్తే, లోలోపల అనుకున్నదానికంటే ఎక్కువే తేలింది. అయినా ఆ రాత్రి, ఎన్నో నెలల తర్వాత, తెల్లారేదాకా మెలకువ రాలేదు. అప్పు రవ్వంత కూడా తగ్గలేదు, తగ్గింది ఇంకేదో.

డబ్బు చాలకపోవడం ఒక బాధ. ఎంత చాలడం లేదో తెలియకపోవడం, ఆ సంగతి నలుగురికీ తెలియకుండా కాపాడుకోవడం దానికి తోడయ్యే రెండో బాధ. మొదటిది తీరడానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. రెండోది ఈ వారంలోనే తగ్గించుకోవచ్చు. అది తగ్గితే మొదటిదాని మీద పని చేయడానికి ఓపిక మిగులుతుంది. ఇక్కడ అడుగులు ఆ వరసలోనే పెట్టాను.

ఒక మాట ముందే చెప్పాలి. వచ్చే రాబడి కనీస అవసరాలకే చాలనప్పుడు ఎంత క్రమశిక్షణగా లెక్క రాసినా లోటు లోటే. అలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లకి "ఖర్చులు తగ్గించుకో" అనే సలహా పుండు మీద కారమే. వాళ్లకీ ఈ అడుగులు ఉపయోగపడతాయి, కానీ తప్పు మీదేనని ఒప్పించడానికి రాసినవి కావు.

ఒంట్లో, బుర్రలో ఏం జరుగుతుంది

చిత, చింత అనే రెండు మాటలకీ తేడా ఒక్క సున్నాయేనని పెద్దవాళ్లంటారు. చిత పోయినవాణ్ణి కాలుస్తుంది, చింత బతికున్నవాణ్ణి. ఇందులో అతిశయోక్తి మనం అనుకునేంత లేదు.

ముప్పు కనబడగానే మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడినుంచి మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకి కబురు వెళుతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు విడుదలవుతాయి. గుండె వేగం, రక్తంలో చక్కెర పెరుగుతాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. పది నిమిషాల్లో తప్పిపోయే ప్రమాదానికి ఇది చక్కని ఏర్పాటు. అప్పు పది నిమిషాల్లో పోదు. నెలల తరబడి అదే స్థితిలో ఉంటే శరీరం అరిగిపోతుంది. ఈ అరుగుదలకి 1993లో బ్రూస్ మెకీవెన్, ఎలియట్ స్టెల్లర్ అనే శాస్త్రవేత్తలు "అలోస్టాటిక్ లోడ్" అని పేరు పెట్టారు. రక్తపోటు పెరగడం, మెడ, దవడ బిగుసుకుపోవడం, కడుపులో మంట, తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం, ఊరికే చిరాకు, ఇవన్నీ దానిలో భాగాలు కావచ్చు.

బుర్ర సంగతి ఇంకా ముఖ్యం. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో చెరకు రైతులకి కోతకి ముందు, చేతిలో డబ్బు ఆడనప్పుడు ఒకసారి, కోత అయి డబ్బు చేతికొచ్చాక ఇంకోసారి ఆలోచనాశక్తి పరీక్షలు పెట్టారు. మనుషులు వాళ్లే. కోతకి ముందు ఫలితాలు స్పష్టంగా తగ్గాయి. డబ్బు లేనప్పుడు మనసు ఆ లోటు చుట్టూనే తిరుగుతుంటుంది కాబట్టి మిగతా వాటికి చోటు తగ్గుతుందని పరిశోధకులు వివరించారు.

నాకు ఇది తెలిసిన రోజు పెద్ద ఊరట కలిగింది. తాళంచెవి ఎక్కడ పెట్టానో మర్చిపోవడం, రెండు పేజీలు కూడా చదవలేకపోవడం, చిన్న లెక్కలో తప్పు చేయడం నేను తెలివితక్కువ మనిషినైనందువల్ల కాదు. బరువు మోస్తున్న బుర్ర అలాగే పనిచేస్తుంది. అందుకే తల మీద భరోసా పెట్టుకోకుండా కాగితం మీద పెట్టుకోవాలి.

మొదటి అడుగు: రెండు రోజులు పెద్ద నిర్ణయాలు వద్దు

భయంలో ఉన్నప్పుడు చేసే పనులు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక అప్పు తీర్చడానికి అంతకంటే ఎక్కువ వడ్డీకి ఇంకో అప్పు, ఉన్న వస్తువు వచ్చిన ధరకి అమ్మేయడం, కోపంలో ఉద్యోగం వదిలేయడం. తలమీదున్న కప్పు, కరెంటు, మందులు వంటి వాటికి ఎల్లుండిలోపు గడువు లేకపోతే, 48 గంటలు దేనికీ సంతకం పెట్టకండి. ఎవరికీ మాట ఇవ్వకండి.

ఆ రెండు రోజుల్లో ఒంటిని నెమ్మదింపజేయండి. ఊపిరితో మొదలుపెట్టవచ్చు. ముక్కుతో నిండుగా పీల్చి, ఆపకుండానే ఇంకాస్త గాలి పైన చేర్చండి. తర్వాత నోటితో, పీల్చినదానికంటే చాలా ఎక్కువసేపు, నెమ్మదిగా వదలండి. ఐదు నిమిషాలు. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో నెల రోజులపాటు రోజుకి ఐదు నిమిషాలు ఇలా చేసినవాళ్లకి, అంతే సమయం ధ్యానం చేసినవాళ్లకంటే మనసు ఎక్కువ తేలికపడింది. దీనివల్ల బాకీ మారదు. కానీ వణుకుతున్న చేత్తో అంకెలు రాయడం కష్టం.

ఛాతీలో నొప్పి, ఎడమ చేయి లాగడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే "టెన్షన్‌వల్లే" అని మీకు మీరే తేల్చుకోకండి. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

రెండో అడుగు: అంతా కాగితం మీదికి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మార్కెట్ పడిపోతున్న రోజుల్లో మదుపరులు తమ ఖాతాలు తెరిచి చూసుకోవడం తగ్గిస్తారని పరిశోధకులు గమనించారు. దీనికి నిప్పుకోడి పేరు పెట్టి "ఆస్ట్రిచ్ ఎఫెక్ట్" అంటారు. చెడ్డ వార్త ఉంటుందని తెలిసినప్పుడు మనిషి చూపు తిప్పుకుంటాడు. ఆ పూటకి హాయిగానే ఉంటుంది. కానీ చూడని అంకెకి హద్దు ఉండదు కాబట్టి రాత్రి దాన్ని మనసు తనకి తోచినంత పెంచుతుంది. రాసిన అంకె ఎంత పెద్దదైనా ఒకచోట ఆగుతుంది.

గంటన్నర సమయం తీసుకోండి. పగటిపూట, కాస్త తిన్నాక. ఒంటరిగా చేయలేనంత భయంగా ఉంటే నమ్మకమైన మనిషిని పక్కన ఊరికే కూర్చోమనండి. మూడు కాగితాలు కావాలి.

మొదటి కాగితం మీద వచ్చేది రాయండి. చేతికొచ్చే జీతం, కోతలకి ముందుది కాదు. ఆదాయం నెలనెలా మారే పని మీదైతే గత ఆరు నెలల్లో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలని ఆధారం చేసుకోండి. సగటు తీసుకుంటే సగం నెలలు లోటులో పడతాయి.

రెండో కాగితం మీద పోయేది. జ్ఞాపకం మీద ఆధారపడకుండా గత మూడు నెలల ఖాతా వివరాలు ముందు పెట్టుకోండి. ఏడాదికి ఒకటి రెండుసార్లే వచ్చే ఖర్చులుంటాయి చూడండి, ఫీజులు, బీమా ప్రీమియం, బండి మరమ్మతు, పెళ్లిళ్లు, వాటిని కూడి 12తో భాగించి నెల ఖర్చులో కలపండి. "అనుకోని ఖర్చు వచ్చిపడింది" అని ఏటా బాధపడే వాటిలో చాలావరకు ఏటా వచ్చేవే.

మూడో కాగితం అప్పులది. ఒక్కో అప్పుకి ఒక్కో వరస: ఎవరికి, అసలు ఎంత మిగిలింది, వడ్డీ నెలకి ఎంత శాతం, నెల వాయిదా ఎంత, గడువు తేదీ ఏది, కట్టకపోతే ఏం పోతుంది. ఆ చివరి గడి వదిలేయకండి, మూడో అడుగు మొత్తం దాని మీదే నడుస్తుంది. స్నేహితుల దగ్గర, బంధువుల దగ్గర తీసుకున్న చేబదుళ్లు కూడా రాయాలి. వాటికి వడ్డీ ఉండదు, నోటీసు రాదు, కానీ మనసుని ఎక్కువగా కోసేవి అవే. ఎదురుపడతారని దారి మార్చుకుని వెళ్లేది వాళ్లని చూసే కదా.

ఈ రోజు పని రాయడం వరకే. దారి వెతకొద్దు. రాసి, కూడి, మొత్తాల కింద గీత గీసి, తేదీ వేసి లేచిపోండి. రాస్తుండగా ఏడుపొస్తే రానివ్వండి.

మూడో అడుగు: ఏది ముందు, ఏది తర్వాత

డబ్బు అందరికీ చాలనప్పుడు ఎక్కువసార్లు ఫోన్ చేసినవాళ్లకి ముందు కట్టేస్తాం. గట్టిగా అరిచినవాళ్ల బాకీ మనకి పెద్దదిగా కనబడుతుంది. దీన్ని మార్చాలి.

అన్నిటికంటే ముందు ఇల్లు నడవడానికి, మీరు పనికి వెళ్లడానికి అవసరమైనవి: ఉండే చోటు, తిండి, నీళ్లు, కరెంటు, మందులు, పనికి వెళ్లే ప్రయాణం, పనికి అవసరమైన ఫోన్, పిల్లల చదువు. వాటి తర్వాత, కట్టకపోతే ఏదో చేజారిపోయే అప్పులు. ఇల్లు, బండి, తాకట్టు పెట్టిన వస్తువు, లేదా మీకోసం హామీ సంతకం పెట్టిన మనిషి. తాకట్టూ హామీ లేని అప్పులు ఆ తర్వాతే, వాళ్లు రోజుకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా సరే. వాటిని ఎగ్గొట్టమని కాదు. ముందు ఊపిరి నిలబెట్టుకోమని.

ఖర్చు తగ్గించే విషయంలో నా అభిప్రాయం చాలామంది సలహాలకి భిన్నం. చిన్న చిన్న సంతోషాలన్నీ ఒక్కసారిగా కోసేస్తే పదిహేను రోజుల్లో విసుగొచ్చి పట్టు తప్పుతుంది. ముందు పెద్దవాటి మీద చూపు పెట్టండి: అద్దె, వాహనం, ఏటా తనంతట తానే రెన్యూ అయ్యే చందాలు, ఇంకా గౌరవం కోసం పెట్టే ఖర్చులు. ఈ చివరిదాన్ని ముట్టుకోవడం అన్నిటికంటే కష్టం. ఒక్క పెద్ద ఖర్చు తగ్గితే ఇరవై చిన్న త్యాగాలు తప్పుతాయి. వారానికి ఒక చిన్న ఆనందాన్ని, ఖర్చు తక్కువదాన్ని, పట్టుబట్టి ఉంచుకోండి.

ఆరోగ్య బీమాని మాత్రం ఆపకండి. లోటులో ఉన్న ఇంట్లో ఒక ఆసుపత్రి ఖర్చు పడితే లెక్క అంతా మళ్లీ మొదటికొస్తుంది.

నాలుగో అడుగు: వడ్డీని లెక్క కట్టి చూడడం

నెలకి నూటికి మూడు అంటే చెవికి చిన్నగానే వినబడుతుంది. చక్రవడ్డీలో అది ఏడాదికి దాదాపు 42.6 శాతం. ఎన్నాళ్లకి రెట్టింపవుతుందో తెలుసుకోవడానికి తేలిక పద్ధతి ఒకటుంది. 72ని వడ్డీ శాతంతో భాగించండి. నెలకి 3 శాతమైతే 24 నెలలు. నెలకి 2 శాతమైతే 36 నెలలు. మూడో కాగితం మీద ప్రతి అప్పు పక్కనా ఈ అంకె రాయండి. ఏది వేగంగా పెరుగుతోందో కంటికి కనబడుతుంది.

క్రెడిట్ కార్డు వాడేవాళ్లు కింది లెక్కని ఒకసారి సొంతంగా వేసుకోవాలని నా కోరిక. బాకీ 100, వడ్డీ నెలకి 3 శాతం అనుకోండి. కొత్తగా ఏమీ వాడకుండా, ప్రతి నెలా బాకీలో 5 శాతం కనీస మొత్తం మాత్రమే కడుతూ వెళితే, 32 నెలల తర్వాత మీరు కట్టింది దాదాపు 120. ఇంకా మిగిలిన బాకీ దాదాపు 50. బాకీ తగ్గేకొద్దీ వాళ్లు అడిగే కనీస మొత్తం కూడా తగ్గుతూ పోతుంది, అక్కడే చిక్కుకుంటాం. అదే 100 బాకీకి నెలనెలా తప్పకుండా 5 చొప్పున, బిల్లు తగ్గినా మీరు తగ్గించకుండా, కడుతూ వెళితే దాదాపు 31 నెలల్లో మొత్తం తీరిపోతుంది. కట్టింది 155. మొదటి నెల భారం రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే, చివరికి ఒకరు అప్పు నుంచి బయటపడతారు, ఇంకొకరు సగం దారిలోనే ఉంటారు. వచ్చే నెల నుంచి కనీస మొత్తం అనే గడిని చూడకండి. మీరు అనుకున్న మొత్తం కట్టండి.

ఇక ఏ అప్పు ముందు తీర్చాలన్నది. లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీది ముందు తీరిస్తే మొత్తంమీద తక్కువ కడతాం. ఇందులో సందేహం లేదు. కానీ మనసుకీ ఒక లెక్కుంది. సింగపూర్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ తక్కువ ఆదాయమున్న కుటుంబాల అప్పులు తీర్చినప్పుడు పరిశోధకులు ముందూ తర్వాతా వాళ్లని పరీక్షించారు. 2019లో ఆ ఫలితాలు వచ్చాయి. అప్పులు తీరాక ఆలోచనలో పొరపాట్లు తగ్గాయి, ఆందోళన తగ్గింది. ఎంత మొత్తం తీరిందన్నదానితో సంబంధం లేకుండా, ఎన్ని అప్పులు పూర్తిగా మూతపడ్డాయన్నది విడిగా ప్రభావం చూపింది. తెరిచి ఉన్న ప్రతి ఖాతా మనసులో కొంత చోటు ఆక్రమిస్తుందన్నమాట.

అందుకని నేను చేసింది, ఇతరులకి చెప్పేది ఇదీ. రెండు మూడు నెలల్లో తీరిపోయే చిన్న అప్పులు ఒకటో రెండో ఉంటే వాటిని ముందు మూసేయండి. ఏడు వరసలున్న కాగితం ఐదుకి తగ్గితే వచ్చే బలం వేరు. ఆ తర్వాత ఎక్కువ వడ్డీదాని మీద పడండి. ఒక అప్పు తీరగానే దాని వాయిదా డబ్బుని ఖర్చులోకి జారనీయకుండా తర్వాతి అప్పుకి కలపండి. ఒక మినహాయింపు ఉంది. నెలకి 3 శాతం దాటిన అప్పు ఏదైనా ఉంటే ఈ ఓదార్పు కోసం ఆగొద్దు, అదే ముందు.

అన్నిటినీ కలిపి ఒకే అప్పు చేసుకోమని ఎవరైనా చెబితే, నెల వాయిదా తగ్గుతుందా అని కాకుండా చివరికి మొత్తం ఎంత కట్టాలని అడగండి. గడువు పొడిగించి వాయిదా తగ్గించడం ఎవరికైనా తేలికే.

అప్పులు తీరుస్తూనే కొంచెం పక్కన పెట్టాలి. వారం ఖర్చుకి సరిపోయేంత దాచినా చాలు, మొదలుకి. ఏదైనా పాడైనప్పుడు మళ్లీ కార్డు గీకకుండా అది ఆపుతుంది. పెద్ద వడ్డీలు తీరాక నెల ఖర్చుకి, నెమ్మదిగా మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకి పెంచుకోవచ్చు.

ఐదో అడుగు: అప్పిచ్చినవాళ్లతో మాట్లాడటం

గడువు దాటాక వాళ్లు చేసే ఫోన్ వేరు, దాటకముందు మీరు చేసే ఫోన్ వేరు. రెండోదానిలో మీ మాటకి విలువ ఉంటుంది. ముందు రాసుకుని, చూసి చదివినా తప్పులేదు:

"నా ఆదాయం తగ్గింది. ఈ నెల గడువుకి పూర్తి వాయిదా కట్టలేను. నెలకి ఇంతవరకు కట్టగలను. వాయిదా తగ్గించడానికో, గడువు పెంచడానికో, కొన్నాళ్లు వడ్డీ మాత్రమే కట్టడానికో మీ దగ్గర ఏ మార్గాలున్నాయి?"

కట్టగలనని చెప్పే మొత్తం మొదటి రెండు కాగితాల నుంచి రావాలి, అవతలి మనిషి ఒత్తిడి నుంచి కాదు. పెద్ద మొత్తానికి ఒప్పుకుని రెండో నెలలో తప్పడం కంటే చిన్నదానికి ఒప్పుకుని పన్నెండు నెలలు నిలబడటం మేలు. ఎవరితో మాట్లాడారు, ఏ రోజు, ఏమన్నారు అన్నది రాసిపెట్టుకోండి. ఒప్పుకున్నది లిఖితంగా తెప్పించుకున్నాకే డబ్బు కట్టండి. కొంత మాఫీ చేసి ముగిస్తామంటే, ఆ ముగింపు మీ రుణ చరిత్రలో ఎలా నమోదవుతుందో ముందే అడగండి. పూర్తిగా తీర్చినట్టు నమోదు కావడం, సర్దుబాటుతో ముగిసినట్టు నమోదు కావడం ఒకటి కావు, రెండోది తర్వాతి అప్పులకి అడ్డొస్తుంది.

బాకీ ఉన్నంత మాత్రాన తిట్టే హక్కు, బెదిరించే హక్కు, మీ బంధువులకి ఫోన్ చేసి పరువు తీసే హక్కు ఎవరికీ రావు. అలా జరిగితే తేదీ, సమయం, నంబరు రాసిపెట్టి, మెసేజ్‌లు దాచి ఫిర్యాదు చేయండి. ఆ అవమానానికి మీరు తగినవాళ్లని మాత్రం అనుకోకండి.

చేబదులిచ్చిన స్నేహితుడికి మీరే ముందు ఫోన్ చేయండి. "మర్చిపోలేదు. ఇప్పుడు ఇవ్వలేను. ఫలానా నెల నుంచి కొంచెం కొంచెంగా ఇస్తాను" అన్న మూడు మాటలు చాలు. డబ్బు ఆలస్యమైనందుకంటే, తప్పించుకు తిరిగినందుకే స్నేహాలు ఎక్కువ చెడతాయి.

ఆరో అడుగు: ఇంట్లో చెప్పడం

భార్యకో భర్తకో అప్పు సంగతి చెప్పకుండా దాచినవాళ్లు, అది బాధపెట్టకూడదని దాచామంటారు. నేనూ అలాగే అన్నాను. కానీ ఇంట్లోవాళ్లకి అంకె తెలియకపోయినా, మనిషి మారాడని తెలుస్తూనే ఉంటుంది. కారణం తెలియనప్పుడు వాళ్లు తమకి తోచిన కారణం వెతుక్కుంటారు. అవి అప్పుకంటే భయంకరంగా ఉంటాయి.

రాత్రి పడుకునేముందు, గొడవ మధ్యలో చెప్పకండి. కాగితాలు పట్టుకుని వెళ్లండి. "నీకు చెప్పకుండా ఒక విషయం దాచాను. అది నా తప్పు. మొత్తం ఇందులో రాశాను, ఇందులో లేనిది ఇంకేమీ లేదు. ఇవాళ నువ్వేం చెప్పనక్కర్లేదు." దాచినది ఇంకేమీ లేదన్న మాట నిజమై తీరాలి. వాయిదాల్లో బయటపడే నిజం ప్రతిసారీ కొత్త మోసంలా తగులుతుంది. కోపమొస్తే రానివ్వండి. సర్దిచెప్పుకునే తొందర వద్దు. మూడు నాలుగు రోజులాగి మళ్లీ కూర్చోండి, అప్పుడు "వచ్చే నెల ఎలా" అన్నదే మాట్లాడుకోండి.

మీరు వినే వైపు ఉంటే, మొదటి పది నిమిషాలు "ఎందుకు చేశావు" అని అడగకుండా ఉండగలిగితే చాలా పెద్ద సాయం చేసినట్టే.

పిల్లలకి వాళ్ల వయసుకి తగ్గంత నిజం చెప్పాలి. "కొన్నాళ్లు చూసుకుని ఖర్చుపెట్టాలి. ఇది నీవల్ల వచ్చింది కాదు. మేం చూసుకుంటున్నాం." ఆ మధ్య వాక్యం తప్పకుండా ఉండాలి. ఇంట్లో ఏది జరిగినా అది తమవల్లే అనుకునే అలవాటు పిల్లలకి ఉంటుంది.

ఏడో అడుగు: చింతకి ఒక వేళ, నిద్రకి ఒక వేళ

ఆలోచించొద్దంటే మనసు వినదు, కానీ వేళ నిర్ణయిస్తే వింటుంది. 1983లో మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్, అతని సహచరులు ఒక పద్ధతి పరీక్షించారు. రోజులో ఒకే సమయం, ఒకే చోటు అరగంట చింతకి కేటాయించాలి. మిగతా వేళల్లో ఆలోచన వస్తే "ఆ అరగంటలో చూద్దాం" అని వాయిదా వేయాలి. చింత తగ్గిందని తేలింది. డబ్బు విషయంలో దీన్ని ఇలా మార్చుకోవచ్చు. వారానికి ఒక గంట, ఒకే రోజు, ఒకే సమయం. ఖాతాలు ఆ గంటలోనే చూడాలి, కాగితాలు ఆ గంటలోనే దిద్దాలి, ఫోన్లు ఆ గంటలోనే చేయాలి. రోజుకి పదిసార్లు ఖాతా తెరిచి చూడటం, అసలు చూడకపోవడం రెండూ ఒకే భయానికి రెండు ముఖాలు.

పడుకునేముందు ఐదు నిమిషాలు రేపటి పనులు రాయండి. 2018లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, చేయాల్సిన పనులు రాసినవాళ్లు, చేసేసిన పనులు రాసినవాళ్లకంటే దాదాపు తొమ్మిది నిమిషాలు ముందే నిద్రలోకి జారుకున్నారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. "అప్పుల సంగతి చూడాలి" అని కాకుండా "పదింటికి బ్యాంకుకి ఫోన్, గడువు పెంచమని అడగాలి" అని రాయాలి.

అర్ధరాత్రి మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కాసేపు కూర్చుని, మగత వచ్చాక వెళ్లండి. ఫోన్ ముట్టుకోవద్దు. రాత్రి మూడింటికి తట్టిన డబ్బు ఆలోచన దేన్నీ తెల్లారేదాకా నమ్మకండి.

నడక ఉచితం. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం పెద్దలకి అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకి పాతిక నిమిషాలు కూడా కాదు. ఈ రోజుల్లో పోగొట్టుకోకూడనిది ఒంట్లో బలమే.

పోకూడని దారులు

పోయినదాన్ని ఒక్క దెబ్బలో రాబట్టాలన్న ఆశ అప్పులో ఉన్నవాళ్లకి ఎక్కువ. జూదం, బెట్టింగు, అర్థం కాని ట్రేడింగు, రెట్టింపు చేస్తామనే పథకాలు ఆ ఆశ మీదే బతుకుతాయి. అప్పు ఇస్తామని చెప్పి ముందు ఫీజు కట్టమనేవాళ్లు మోసగాళ్లు. ఫోన్‌లో నిమిషాల్లో అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టులు, ఫోటోలు చూసే అనుమతి అడిగితే అక్కడే ఆగిపోండి. మద్యం తాగితే నిద్ర వస్తుందనిపిస్తుంది, కానీ ఆ నిద్ర అర్ధరాత్రి విరిగిపోతుంది, మర్నాడు బెంగ ఇంకా పెరుగుతుంది.

ఒక్కరే మోయకూడని స్థాయి

రెండు వారాలుగా రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి పూర్తిగా తారుమారవడం, పనిచేయలేకపోవడం ఉంటే డాక్టరునో కౌన్సెలర్‌నో కలవాలి. అప్పు తీరితే అదే పోతుందని ఎదురుచూడకండి. కుంగుబాటుకి చికిత్స ఉంది, అప్పు ఉండగానే అది నయమవుతుంది.

"నేను లేకపోతే వీళ్లకి బాధ తప్పుతుంది" అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అది అత్యవసరం. ఆ నిమిషంలోనే ఒక మనిషికి చెప్పండి, మీ ప్రాంతంలోని ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, ఒంటరిగా ఉండకండి. ఆ ఆలోచన నిజం చెప్పదు. బరువు మోసి అలిసిన బుర్ర చూపే తప్పు లెక్క అది. అప్పుకి వాయిదాలున్నాయి, సర్దుబాట్లున్నాయి, చాలా దేశాల్లో దివాలా చట్టాలూ ఉన్నాయి. మనిషి పోయిన ఇంటికి అవేవీ లేవు.

మీకు కావలసినవాళ్లు ఈ స్థితిలో ఉంటే

వాళ్లు అడగరు. డబ్బు గురించిన మాట రాగానే లేచి వెళ్లిపోవడం, ఫోన్ బోర్లా పెట్టడం, ఫంక్షన్లకి రాకపోవడం కనబడతాయి. "ఏమైనా ఉంటే చెప్పు" అంటే చెప్పరు. "డబ్బు విషయంలో ఏదైనా ఇబ్బందిగా ఉందా? ఉంటే ఎంతైనా పర్లేదు, నాకు చెప్పొచ్చు" అని సూటిగా అడగండి. చనిపోవాలనిపిస్తోందా అని కూడా అడగవచ్చు. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, మాట బయటికొచ్చే దారి దొరుకుతుంది.

మీరు డబ్బివ్వగలిగితే, తిరిగి రాకపోయినా మీ ఇల్లు తడబడనంతే ఇవ్వండి. హామీ సంతకం పెట్టేముందు ఆ అప్పు మొత్తం మీరే కట్టాల్సి వస్తుందనుకుని ఆలోచించండి. ఇవ్వలేకపోతే మీరు ఇంకోటి చేయవచ్చు. ఒక సాయంత్రం మూడు తెల్లకాగితాలు, పెన్ను పట్టుకుని వాళ్లింటికి వెళ్లండి. వాళ్లు అంకెలు చెబుతుంటే ఏమీ అనకుండా మీ చేత్తో రాసిపెట్టండి. మర్నాడు పొద్దున్న వాళ్లు ఆ మొదటి ఫోన్ చేసేటప్పుడు పక్కన కూర్చోండి.